గేర్‌బాక్సు విప్పేముందు...

డెన్వర్‌లో ఆ ఉదయం మంచు కురుస్తోంది. ఆయన తన పాత జీప్ చెరోకీని స్టార్ట్ చేసి గేరు 'డి'లో పెట్టారు. బండి కదిలింది... కానీ నిండు బస్తాలతో మిట్ట ఎక్కుతున్న ఎడ్లబండిలా, ఉసూరుమంటూ!

అది 1998 మోడల్. నాలుగు చక్రాలూ లాగే బండి. అమెరికా వెళ్లిన కొత్తలో కూడబెట్టిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. పెద్దమ్మాయిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. షెడ్డులో చూపిస్తే ఒక్క మాటలో తేల్చేశారు, గేర్‌బాక్సు పోయిందని. మార్చాలంటే, ఆ డబ్బుతో అలాంటి బండి ఇంకోటి వస్తుంది. ఇంట్లోవాళ్లు తుక్కుకింద అమ్మేయమన్నారు.

ఆయనకి మనసొప్పలేదు. ఆ రాత్రి విజయవాడకి ఫోన్ చేశారు. వాళ్ల నాన్న ముప్ఫై ఏళ్లు లారీ మెకానిక్కు.

'క్లచ్చు లేని బండి నేనెప్పుడూ విప్పలేదురా. ఏ బండికైనా ముందు ఆయిలు చూడు, తర్వాత వైర్లు చూడు. గేర్‌బాక్సు విప్పడం ఆఖర్న!'

ఆ గేర్‌బాక్సు పేరు ఏడబ్ల్యూ4. జపాన్‌లోని ఐసిన్ వార్నర్ తయారీ. 1987 నుంచి 2001 దాకా చెరోకీల్లో వాడారు. మొండి ఘటమని దానికి పేరు. గేరు ఎప్పుడు మారాలో ఓ చిన్న కంప్యూటర్ చెబుతుంది. ఇంజను ఆపి దాని ఫ్యూజు తీసేస్తే ఇక గేర్లు చేత్తో మార్చుకోవాల్సిందే. లివరు '1-2'లో ఉంటే మొదటి గేరు, '3'లో మూడోది, 'డి'లో నాలుగోది.

ఆయన ఫ్యూజు పీకి చూశారు. మొదటి గేరులో బండి ముందుకు దూకింది. మూడోది పడింది, నాలుగోదీ పడింది. అంటే గేర్‌బాక్సు బాగానే ఉంది! కంప్యూటర్ మాటే దానికి చేరట్లేదు. అందుకే 'డి'లో పెడితే ఏకంగా నాలుగో గేరులో బయల్దేరుతోంది. కిందికి దూరి చూస్తే, మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పు తిని ఓ కనెక్టరు పిన్నులకు చిలుము పట్టి ఉంది. శుభ్రంచేసి బిగించారు. అంతే!

పన్లోపనిగా ఆయిలు తీశారు. ఎర్రగా ఉండాల్సింది డికాషన్‌లా దిగింది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు అసలు శత్రువు వేడి, మాడిన ఆయిలే. పైగా కింద బోల్టు విప్పితే దాదాపు సగమే బయటికొస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే డెక్స్‌రాన్ రకం ఆయిలు పోసి, కొన్నాళ్లు నడిపి, మళ్లీ తీసి... అలా మూడుసార్లు మార్చారు.

చివరిసారి డిప్‌స్టిక్కు ఫొటో తీసి నాన్నకి పంపారు. కాసేపటికి ఫోనొచ్చింది.

'రంగు బాగుందిరా. తేదీ రాసిపెట్టుకో.'