కారు ముక్కు

మా కారుకి వయసు మా అబ్బాయికంటే మూడేళ్ళు ఎక్కువ. 2005 మోడల్ కరోల్లా. షార్జా నుంచి దుబాయికి, మళ్ళీ వెనక్కి, పాపం గొడ్డులా తిరిగింది. జూలైలో ఏసీ వేసుకుని ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్కులో ఇరుక్కుంటే, కదలమన్నప్పుడల్లా ఒకసారి మూలిగి గానీ కదలదు.

2025 మార్చిలో ఇక్కడ డ్రైవింగు లైసెన్సు వయసు 18 నుంచి 17కి తగ్గించారు. ఆ వార్త మా ఇంట్లో ముందు ఎవరు చదివారో వేరే చెప్పాలా? ఆ రోజు నుంచి నా కారు కాస్తా "మన కారు" అయింది. వేసవిలో ఒకరోజు వచ్చి, "నాన్నా, మన కారుకి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెడదాం" అన్నాడు. ఇంజిన్ చల్లగాలి పీలిస్తే బలం వస్తుందట. కొట్లో సెట్టు ఆరువందల దిర్హములు. అరవై పెట్టి గుండ్రటి ఫిల్టరు, ఒక పీవీసీ గొట్టం కొంటే తనే చేసేస్తాడట.

వద్దన్నాను. అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే ఇక్కడ జరిమానా, బ్లాక్ పాయింట్లు, కారు స్వాధీనం. రెండు రోజులు నాతో ఇంగ్లీషులోనే మాట్లాడాడు. మా ఇంట్లో ఇంగ్లీషు అంటే అలక అన్నమాట.

శనివారం పొద్దున్న నేనే దిగివచ్చి "సరే, బానెట్ ఎత్తి చూద్దాం రా" అన్నాను. చూస్తే ఏముంది, ఫిల్టరు డబ్బా నుంచి హెడ్‌లైటు వెనకదాకా ఉండాల్సిన గొట్టమే లేదు! ఏ రిపేరులోనో తీసి మళ్ళీ పెట్టడం మరిచిపోయారు. అంటే చల్లగాలి ఏర్పాటు కంపెనీవాళ్ళే చేసి ఇచ్చారు. ముక్కు తెగిన మా కారు ఇన్నాళ్ళూ రేడియేటరు వెనక సెగ పీలుస్తోంది. తీగ ఉన్న థర్మామీటరు పెట్టి చూశాం. బయట 43 డిగ్రీలు, డబ్బా నోటి దగ్గర 68.

వాడు పదకొండో తరగతి ఫిజిక్సు పుస్తకం తెచ్చాడు. 68 నుంచి 45కి దించితే గాలి సుమారు ఏడు శాతం చిక్కబడుతుందని లెక్కవేసి చూపించాడు. "చిక్కబడటం" అనే మాట నాదే. మజ్జిగతో పోల్చి చెప్పాను.

తర్వాత తాతయ్యకి వీడియో కాల్. మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ట్రాక్టరు నడిపారు. నూర్పిళ్ళ రోజుల్లో పొద్దున్నే ఆయన చేసే మొదటి పని, గాలి వడగట్టే నూనె గిన్నె విప్పి, అడుగున పేరుకున్న బురద పారబోసి, కొత్త నూనె పోయడం. అంతా విని ఆయన అన్నారు: "ఫిల్టరుకి ముందు ఏం చేసుకుంటారో మీ ఇష్టం. ఫిల్టరు దాటాక మాత్రం చెయ్యి పెట్టకండి. మీది ఇసుక దేశం. ఒక్కసారి లోపలికి పోయిందా, సిలిండరు గీరుకుపోతుంది."

గుండ్రటి ఫిల్టరు మాట అక్కడితో ఆగిపోయింది. అదే నేను చెబితే వినేవాడా?

అసలు గొట్టం కోసం షార్జా ఇండస్ట్రియల్ ఏరియా పాత సామాన్ల కొట్లలో ఒక పూటంతా తిరిగాం. ఇంజిన్లకి కొదవ లేదు, మా ముక్కు మాత్రం దొరకలేదు. పీవీసీ ఆ వేడికి మెత్తబడుతుందని మానేశాం. చివరికి వేడికి తట్టుకునే తీగ చుట్టిన రబ్బరు గొట్టం మూరెడు, రెండు క్లిప్పులు కొన్నాం. మొత్తం 41 దిర్హములు.

దాని నోరు ఎక్కడ పెట్టాలన్నదాని మీద మళ్ళీ గొడవ. కింద బంపరు వెనకైతే ఇంకా చల్లగా ఉంటుందని వాడు. 2024 ఏప్రిల్ 16 వాన గుర్తుచేశాను. ఆ నీళ్ళలో నడిపిన కార్లు గాలికి బదులు నీళ్ళు పీల్చి, లోపల కడ్డీలు వంగి మూలపడ్డాయి. వాడు కాసేపు ఆలోచించి, గొట్టాన్ని తనే పైకి, హెడ్‌లైటు వెనక్కి తిప్పాడు.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే 52, కదిలితే 45. జోరు పెరిగిందా అంటే నాకు పెద్దగా తెలియలేదు. వాడికి బాగా తెలిసిందట. నడిపేది నేను, తెలిసేది పక్కసీటులో వాడికి!

మొన్న ఇసుక గాలి వీచాక డబ్బా విప్పాడు. గోధుమరంగుకి తిరిగిన ఫిల్టరుని తాతయ్యకి చూపించాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇటువైపు కాదురా, వెనక్కి తిప్పి చూపించు" అన్నారు.

తిప్పాడు. తెల్లగా ఉంది.