వాన వెలిస్తే నెమళ్ల వేళ!

హైదరాబాద్ నుంచి నాందేడ్ వెళ్లే దారిలో తెలంగాణ సరిహద్దున తగిలే ఊరు మద్నూర్. తెలుగు, మరాఠీ, కన్నడ... మూడూ వినిపిస్తాయిక్కడ. చుట్టూ నల్లరేగడి చేలే. నాలుగు చినుకులు పడితే చాలు, ఆ మట్టి చెప్పుల్ని వదలదు!

వాన వెలిశాక నెమళ్లు పొదలు వీడి ఆరుబయలుకి వస్తాయి. తడిసిన ఈకలు ఆరాలి, నేలలోంచి లేచే ఉసిళ్లు దొరకాలి. పైగా నీళ్లు కారే పొదల్లో నక్క అడుగుల చప్పుడు వినపడదు మరి! నెమలికి దూరపు చుట్టమైన అమెరికా అడవి టర్కీ కోడిదీ ఇదే తీరు. అందుకే అక్కడి వేటగాళ్లు లైసెన్సు తీసుకుని, వానరోజుల్లో పచ్చికబయళ్ల అంచున మాటు వేస్తారు.

మన దగ్గర ఆ ముచ్చట కుదరదు. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. జరిమానా 25 వేలకు తగ్గదు.

చిక్కల్లా రైతుకే. తొలకరికి సోయా, పెసర విత్తే రోజులూ, నెమళ్లు బయటికొచ్చే రోజులూ ఒకటే. గింజలు ఏరుకు తింటే మళ్లీ విత్తాల్సిందే. ఆ కోపంలో పురుగుమందు కలిపిన గింజలు చల్లితే నెమలితో పాటు మిగతా పిట్టలూ పోతాయి, కేసూ తప్పదు. దానికన్నా విత్తనం మీద మట్టి బాగా కప్పి, మొలకలు నిలదొక్కుకునేదాకా పొద్దునా సాయంత్రం చేను కాయడం మేలు. వాన వెలిసిన పూట మాత్రం కాస్త ముందే వెళ్లాలి. వేటగాడు కనిపెట్టిన గుట్టు కాపలాకీ పనికొస్తుందన్నమాట!