అరచేతిలో చార్మినారు

హైదరాబాదు వెళ్ళినవారు ముందుగా చూసేది చార్మినారు. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని మెడ పైకెత్తి చూడాలి. తల వంచి చూసే చార్మినారు కూడా ఒకటి ఉన్నది. తెలంగాణాలో పాత ట్రంకుపెట్టెలు వెదికితే, అడుగున పసుపుగుడ్డలో మూటకట్టిన వెండి రూపాయి మీద ఆ నాలుగు మీనారులే కనిపిస్తాయి.

వరంగల్లులో మా అత్తయ్యగారి ఇంట అలాంటి నాణెం చూశాను.

"ఏ ఢిల్లీ బాదుషాదో! ఎవరికీ అక్షరం తెలియదు. కరిగించి మనవరాలి పట్టగొలుసుల్లో కలిపిస్తాను, నాయనా" అన్నది అత్తయ్య.

బాదుషాల పేర్లు హైదరాబాదు నాణేల మీద 1857 తిరుగుబాటు దాకానే. తరువాతివి నిజాముల పేరిటివి. చార్మినారు బొమ్మ ఉంటే పని మరీ సులువు. బొమ్మలోని ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. అది 'మీమ్' అయితే 1911 దాకా ఏలిన మహబూబ్ అలీఖాన్. నోరు తెరిచిన కొక్కెంలాంటి 'ఐన్' అయితే ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్. అత్తయ్య నాణెం మీద ఉన్నది ఐన్.

ఇక సంవత్సరం. లిపి కుడి నుంచి ఎడమకు నడిచినా, అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి. నిలువుగీత ఒకటి, చుక్క సున్న, గుండ్రనిది అయిదు, లోయలా ఉంటే ఏడు, తిరగబడి కొండలా ఉంటే ఎనిమిది. ఈ నాణెం మీద 1337 ఉన్నది. అది హిజ్రీ. చాంద్రమాన వత్సరం పదకొండు రోజులు చిన్నది కనుక, 0.97తో గుణించి 622 కలపాలి. 1918-19 అని తేలింది.

పక్కనే 92 ఎందుకంటారా? అక్షరాలకు విలువ కట్టే అబ్జద్ లెక్కలో మీమ్ 40, హా 8, మీమ్ 40, దాల్ 4. కూడితే ముహమ్మద్ ప్రవక్త నామం.

"ఇది హాలీ సిక్కా, అత్తయ్యా. 1950లో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు ఇచ్చేవారు. 1959లో చెలామణి పోయింది."

అత్తయ్య ఉలిక్కిపడింది. "హాలీయా! మా అత్తగారు ఎప్పుడూ ఆ మాటే అనేది. పుట్టింటి సొమ్మని దాచుకున్నది ఇదేనేమో!"

నాణెం తూకం పదకొండు గ్రాముల పైచిలుకు. వెండి నూటికి 82 పాళ్ళే. కరిగిస్తే మిగిలేది ఎంత? పోయేది ఎంత? మూట మళ్ళీ పెట్టెలోకి వెళ్ళింది.

మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే, చింతపండుతో తోమకండి, అక్షరం అరిగిపోతుంది. ఈ నాణేలు పుట్టిన టంకశాల సైఫాబాదులో 1903లో వెలసింది. 1997లో పని చర్లపల్లికి తరలినా, పాత భవనంలో 2022లో ప్రదర్శనశాల తెరిచారు. నగరానికి వెళ్ళినప్పుడు అటూ ఒకసారి నడవండి.