ఒంటిమిట్ట దారిలో అన్నం, నీళ్లు

కడపలో పొద్దున్నే కారం దోశ తినకుండా రేణిగుంట రోడ్డు ఎక్కొద్దు. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు కలిపి నూరిన ఎర్రకారం ఒక గిన్నెలో, పప్పుల పొడి ఇంకో గిన్నెలో పెనం పక్కనే ఉంటాయి. దోశ సగం కాలగానే కారాన్ని అంచుల దాకా పూసి, పైన పొడి చల్లి, చుట్టూ నూనె వదులుతారు. చెనిక్కాయల చట్నీ ఉంటే సరి, సాంబారు అడగనక్కర్లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగితే సిగ్గుపడొద్దు. పక్కవాడి కళ్లూ అట్లే ఉంటాయి.

రోడ్డు, రైలు పట్టాలు దాదాపు జతగానే తూర్పుకు సాగుతాయి. భాకరాపేట దగ్గర ఎడమకు తిరిగితే పెన్న ఒడ్డున సిద్ధవటం కోట. మనం తిరగం, నేరుగా ఒంటిమిట్టకే పోదాం. కడప నుంచి పాతిక కిలోమీటర్లు. రాముడి గుడి గోపురం రోడ్డు మీదికే కనబడుతుంది, పక్కన చెరువు. నిండితే కళకళ, లేకుంటే పశువులు మేసే బయలు.

ఈ ఊళ్లో బాటసారికి ఏం దొరికేదో చెప్పిన పాత సాక్షి ఒకడున్నాడు. వజ్రాల వ్యాపారి తావర్నియే, ఫ్రాన్సు దేశస్థుడు. 1652లో గండికోటకు పోతూ ఇక్కడ ఆగాడు. గుడిని మెచ్చుకున్నాడని మనవాళ్లు బోర్డుల మీద రాసుకున్నారు. ఆ తర్వాత ఆయన రాసినది ఎవరూ చెప్పరు. గుడికి కొంత దూరంలో పెద్ద చెరువుందట. దాని గట్టున చిన్న చిన్న గుళ్లు, వాటికి కాపలాగా బ్రాహ్మణులు. పరమతస్థుడు అందులో చెయ్యి పెట్టకూడదు, నీళ్లు ముంచుకోకూడదు. దాహమంటే కుండతో తెచ్చి పోస్తారు. ఆ కుండ పరాయివాడి చెంబుకు తగిలిందా, పగలగొట్టేస్తారు.

అదే మనిషి ఆ వెంటనే ఈ దారి ఆడవాళ్ల గురించి రాశాడు. బాటసారులు పొగాకు ముట్టించుకోవడానికి కొందరు ఎప్పుడూ నిప్పు ఉంచేవారట. ఇంకొందరు అన్నం పెట్టేవారు, గింజలు ఉడికించిన నీళ్లు పోసేవారు. ఎండన పడి వచ్చినవాడికి పచ్చినీళ్ల కంటే ఆ కట్టు మంచిదని వాళ్ల నమ్మకం. ఏళ్ల తరబడి ఇట్లా పెడతామని మొక్కుకున్నవాళ్లూ ఉన్నారట. అది చదివితే నాకు మన ఉలవకట్టే గుర్తొస్తుంది. అన్నం అడిగినవాడికల్లా పెట్టిన ఊరు, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మతం చూసింది. ఎండిపోయే సీమలో ఏది విలువైనదో దీన్ని బట్టే తెలుస్తుంది.

గుడి దగ్గర ఇమాంబేగ్ బావి చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. కడప నవాబు ప్రతినిధి ఇమాంబేగ్, మీ రాముడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడని భక్తులన్నారు. మూడుసార్లు పిలిచాడు, లోపల్నుంచి ‘ఓ’ అని వినిపించింది. గుడికి నీటి కరువు లేకుండా ఆయనే ఈ బావి తవ్వించాడని చెబుతారు. ఈ కథ చెప్పేవాళ్లంతా పలికిన రాముణ్ణే తలుచుకుంటారు. నాకు తవ్వించినవాడి మతమే పెద్ద విషయంగా తోస్తుంది. చెరువును ముట్టనివ్వకుండా దూరం పెట్టిన పరమతస్థుడి బావి నీళ్లే దేవుడికి పనికొచ్చాయి.

ఇదే గుడి జీర్ణోద్ధరణకు వావిలికొలను సుబ్బారావు (1863–1936) టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి డబ్బు పోగు చేశాడు. ఆ చిప్ప మీద ఒక శతకమే రాశాడు.

ఇప్పుడు తిండి సంగతి. ఒంటిమిట్టలో గొప్ప హోటళ్లు ఆశించొద్దు. గుడి ముందర టీ కొట్లు, ఇడ్లీ బండ్లు, పాకల్లో మధ్యాహ్నం భోజనాలు. ఊరి ముచ్చట్లన్నీ టీ కొట్టు దగ్గరే. “కూచో న్నా, ముందు నీళ్లు తాగు” అని చెంబు అందించాకే ఏం కావాలో అడుగుతారు. చెంబు ఉంది గానీ నీళ్లు మాత్రం ఇప్పుడు ఎక్కువగా ప్లాంటు క్యానువే.

ఎండాకాలమైతే టీ మానేసి నన్నారి సోడా తాగండి. సుగంధి వేరు ఉడికించిన పాకం, నిమ్మరసం, సోడా, అంతే. పాకం రంగు మరీ ఎర్రగా మెరిసిపోతుంటే అది వేరుది కాదు, సీసాలోని రంగు.

రాములవారి కల్యాణం ఇక్కడ నవమినాడు కాదు, చైత్ర పౌర్ణమి దగ్గరపడ్డాక వెన్నెల్లో, రాత్రిపూట. 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతోంది. ఆ రాత్రి జనంలో పడి నీళ్ల కోసం వెతుక్కోవడం కష్టం. బాటిలు వెంట ఉంచుకోండి.

ఒంటిమిట్ట దాటి నందలూరు రాగానే చెయ్యేరు. మామూలుగా ఇసుకే. 2021 నవంబరు 19న ఎగువన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, వరద పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ఊడ్చుకుపోయింది. ఆవిరి ఇంజన్ల కాలంలో నందలూరులో పెద్ద లోకోషెడ్డు ఉండేది, ఇప్పుడు రైల్వే వాళ్ల సందడి తగ్గింది.

సంగటికి రాజంపేట చుట్టుపక్కల ఆగండి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో పొడిచి, మూతపెట్టి మగ్గనిస్తారు. దించాక గంజి వంచి, కట్టెతో ఉండ లేకుండా గెలికి, తడిచేత్తో ముద్దలు చేస్తారు. నాటుకోడి పులుసు మంచిదే. కానీ నా ఓటు చెనిక్కాయల ఊరిబిండికి, కాస్త నెయ్యికి. ‘ఫ్యామిలీ డాబా’ బోర్డు కింద పన్నీరు మసాలా తినాలంటే ఇంత దూరం రానక్కర్లేదు. సంగటి చల్లారితే గట్టిపడుతుంది, కాబట్టి పన్నెండున్నరకే పోవాలి. మూడింటికి పోయి వేడిగా లేదని పోట్లాడితే తప్పు మనదే.

పుల్లంపేట దాటాక మంగంపేట ముగ్గురాయి లారీలు ఎదురవుతాయి, డాబాల్లో డ్రైవర్ల సందడి. ఆపైన రైల్వే కోడూరు. మామిడి, అరటి, బొప్పాయి తోటలు రోడ్డుకు రెండు వైపులా. బేనీషా మామిడి కావాలంటే మే, జూన్ నెలల్లో రండి. బండి దగ్గర ఒక కాయ కోయించి రుచి చూశాకే బేరం మొదలుపెట్టండి.