‘ఇంకా ఆయిలేనా?’

మొన్న ఆదివారం బోస్టన్ దగ్గర ఆష్‌లాండ్ లక్ష్మీ గుడికి వెళ్లి వస్తూ తెలిసినవాళ్లింట్లో భోజనానికి ఆగాం. పులిహోర మారు వడ్డిస్తూ ఇంటాయన అడిగాడు: “మీ ఇంటికి ఇంకా ఆయిలేనా?”

ఆ ‘ఇంకా’ దగ్గరే నాకు మండింది. మీవాడికి ఇంకా పెళ్లి కాలేదా అన్నప్పుడు వినపడే ‘ఇంకా’ అది. ఆయనది కొత్త కాలనీలో గ్యాస్ ఉన్న ఇల్లు. పక్కన కూర్చున్నాయన పోయినేడు హీట్‌పంప్ పెట్టించాడు. తన పడగ్గది ఎంత వెచ్చగా ఉందో ఫోన్లో తీసి పంక్తిలో అందరికీ చూపించాడు. మాది 1958లో కట్టిన ఇల్లు. బేస్‌మెంట్‌లో 275 గాలన్ల ఇనప ట్యాంకు, పక్కన 1994 నాటి బాయిలర్. అక్టోబర్‌లో సర్వీసింగ్‌కి వచ్చిన మెకానిక్ ఫిల్టర్ మార్చి, నాజిల్ మార్చి, మసి దులిపి, “ఈ చలికాలం లాగించేస్తుంది. వచ్చే ఏటికి నేను పూచీ కాదు” అన్నాడు.

చలి ఎరగని చదువరుల కోసం రెండు ముక్కలు. అమెరికా మొత్తంలో ఆయిల్‌తో ఇల్లు వెచ్చబెట్టుకునే కుటుంబాలు 50 లక్షల దాకా ఉంటాయి. పదింట ఎనిమిది మేమున్న ఈ ఈశాన్యపు మూలనే. గ్యాస్ పైపు రాని పాత వీధులు మావి. బర్నర్ నూనెని తుంపర చేసి మండిస్తుంది, బాయిలర్ నీళ్లు కాస్తుంది, ఆ వేడినీళ్లు గోడల వెంట పైపుల్లో తిరుగుతాయి. మొదట్లో అమ్మకి ఫోన్లో ఇదంతా చెబితే, “ఇంటికి నూనెలేటిరా, ఏపుకు తింటారా?” అంది.

ఆ నూనె నిజానికి డీజిలే. రోడ్డు పన్ను కట్టని సరుకు గనక ఎవరూ లారీల్లో పోసుకోకుండా ఎర్రరంగు కలుపుతారు, అంతే తేడా. డీజిల్ అంటే నాకు చిన్నచూపు లేదు. దాని అన్నం తిని పెరిగినవాణ్ణి.

నేను పుట్టింది డిగ్నాబాద్‌లో. పేరు వినగానే హైదరాబాద్ శివారనుకుంటారు. కాదండీ, అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక పేట. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది కాబట్టి ఇకమీదట కృష్ణా జిల్లా అనుకుంటారు కాబోలు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగని రాయించారు. మావాళ్లు సోంపేట వైపు నుంచి విశాఖలో ఓడెక్కినవాళ్లు. నాన్నకి చాథమ్ పవర్‌హౌస్‌లో ఉద్యోగం. మెయిన్‌ల్యాండ్ వాళ్లకి స్విచ్చి వేస్తే దీపం వెలుగుతుందని తెలుసు, దాని వెనకేముందో అక్కర్లేదు. మాకు తెలుసు. ఓడలో డీజిల్ రావాలి, ఇంజన్ తిరగాలి, అప్పుడు డిగ్నాబాద్‌లో ఫ్యాను తిరుగుతుంది. ట్యాంకుల్లో ఎన్నాళ్లకి నిల్వ ఉందో నాన్న అన్నం కలుపుకుంటూ చెప్పేవాడు, బియ్యం ఎన్నాళ్లకి ఉన్నాయో అమ్మ చెప్పినట్టు.

నీళ్లూ అంతే. ఏడాదికి మూడువేల మిల్లీమీటర్ల వాన కురిసే ఊళ్లో వేసవి వస్తే కుళాయి రోజు విడిచి రోజు. ధనిఖారి డ్యామ్ అడుగంటిందంటే ఇంకా ఎడం. అమ్మ రాత్రి పడుకోబోయే ముందు పెరట్లో డ్రమ్ముని వేలి కణుపుతో కొడుతూ కిందికి వచ్చేది. ఖణేల్మన్న మోత ఎక్కడ మొద్దుబారితే నీళ్లు అక్కడిదాకా ఉన్నట్టు. నేనిప్పుడు బేస్‌మెంట్‌లో గేజ్ ఉన్నా కూడా ట్యాంకుని అలాగే కొడతాను. మా ఆవిడ నవ్వుతుంది.

ఈ ఆయిల్ వాళ్లని ఒకందుకు మెచ్చుకోవాలి. మోకాలిలోతు మంచులో గొట్టం భుజాన వేసుకుని వస్తాడు డ్రైవర్. లోపలికి రాడు, గేజ్ చూడడు. నూనె పడుతున్నంతసేపూ ట్యాంకులోని గాలి బయటికి తన్నుతూ ఈల వేస్తుంది. ఈల ఆగిందంటే నిండింది. ఏ పల్లెటూరి కమ్మరి కనిపెట్టాడో అనిపించేంత తేలిక ఉపాయం. హీట్‌పంప్‌కి ఈల లేదు, గేజ్ లేదు, కొట్టిచూడ్డానికి డొక్కూ లేదు. నెలాఖరుకి బిల్లు మాత్రం వస్తుంది.

సరే, లెక్కలు వేశాను. గాలన్ నూనె కాలిస్తే పొగగొట్టంలో పోయింది పోగా నా ముసలి బాయిలర్ ఇచ్చే వేడి సుమారు 33 యూనిట్ల కరెంటుకి సమానం. హీట్‌పంప్ వేడిని పుట్టించదు, బయటిగాలిలో ఉన్నదాన్ని లోపలికి తోడుతుంది. చలికాలం సగటున యూనిట్‌కి రెండున్నర రెట్లు ఇస్తుందనుకుంటే 13 యూనిట్లు సరిపోతాయి. మాకు యూనిట్ 30 సెంట్లకి అటూఇటూ. అంటే నూనె గాలన్ నాలుగు డాలర్లు దాటితే పంపు గెలుస్తుంది, మూడున్నరైతే నూనె. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఐదు దాటింది. రేపెంతో ఎవరు చెబుతారు? కొత్త ఆయిల్ బాయిలర్‌కి 11 వేల డాలర్లన్నారు. పంపులకి 22 వేలు, అందులో రాష్ట్రం రాయితీ కొంత. కేంద్రం పన్నులో రెండువేల దాకా తగ్గించేది. నేను ఈ లెక్కలు కొట్టేసి మళ్లీ వేసుకుంటుండగానే అది 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఆలోచనకైన ఖర్చు రెండువేల డాలర్లు.

ఆరోజు పంక్తిలో నాకు తట్టని జవాబొకటుంది. గట్టి చలి పడ్డ రోజుల్లో ఈ న్యూ ఇంగ్లండ్‌లో గ్యాస్ చాలక పవర్‌హౌసులే ఆయిల్ కాలుస్తాయి. కాబట్టి అయ్యా, మీ హీట్‌పంప్‌కి ఇంకా ఆయిలేనా? ఇది అనకుండా పెరుగన్నం తిని వచ్చేశానే అని మూడురోజులు నిద్రపట్టలేదు. అయితే కరెంటు పోతే నా బాయిలర్ కూడా వెలగదన్న సంగతి ఆయన ఎక్కడ ఎత్తుతాడోనన్న భయమూ ఉంది. 2023 ఫిబ్రవరి 4న బోస్టన్‌లో మైనస్ 23 డిగ్రీలు నమోదైంది. ఆ రాత్రి రెండుగంటలకి మా బర్నర్ ఆగిపోయింది. ఎర్రబటన్ నొక్కాను. వెలగలేదు. డిగ్నాబాద్‌లో అప్పుడు మధ్యాహ్నం. నాన్నకి వాట్సాప్ చేశాను.

“ఫోన్ దాని దగ్గర పెట్రా” అన్నాడు. రెండోసారి నొక్కాను. విన్నాడు. “నూనె అందట్లేదు. ఫిల్టర్ చూడు.” ఇరవయ్యేళ్ల కిందట రిటైరైన మనిషి, ఇలాంటి బాయిలర్ మొహం ఎరగడు. ఫిల్టరే.

అందుకని ఈసారీ ఆయన్నే అడిగాను. నా మనసులో అయితే, డీజిలు మనిషి గదా, ఉంచుకోమంటాడనే ఉంది.

“మార్చీరా. నేను జీతం తీసుకుని ఇంజన్‌కి కాపలా కాశాను. నువ్వు ఎదురు డబ్బిచ్చి కాస్తన్నావు.”

ఏప్రిల్‌లో పంపులు బిగించడానికి బయానా ఇచ్చాను. బాయిలర్‌ని పీకించడం లేదు, మైనస్ ఇరవై రోజులకి ఉంటుంది. వచ్చే ఆదివారం భోజనాల్లో మళ్లీ అడగబోయే వారికి ముందే చెబుతున్నాను: అవునండీ, ఇంకా ఆయిలే. ఇవాళ పొద్దున గేజ్ సగానికి కొంచెం పైన ఉంది.