చెవి డాక్టరు, మధ్యలో జీపీ

చెవిలో హోరంటే హైదరాబాద్‌లో అయితే నేరుగా కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికెళ్లి ఓపీ చీటీ రాయించుకుంటాం. ఇంగ్లండ్‌లో ముందు జీపీకి, అంటే మన పేటలోని మామూలు డాక్టరుకి, చూపించుకోవాలి. ఆయనకి అవసరం అనిపిస్తేనే స్పెషలిస్టుకి రాస్తాడు. "మధ్యలో ఈయనెవర్రా?" అంటుంది అమ్మ ఫోన్‌లో. ఏం చెప్పను!

వీసాతోపాటే హెల్త్ సర్‌ఛార్జ్ కట్టించుకుంటారు. స్టూడెంట్లకి ఏడాదికి 470 పౌండ్లు ఉండేది, 2024 ఫిబ్రవరిలో 776 చేశారు. కట్టాక స్పెషలిస్టు ఫీజంటూ ఉండదు, నిజమే. ఎదురుచూపే ఉంటుంది. జీపీ రాశాక 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలని, అదీ నూటికి 92 మందికి అని, ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ లక్ష్యం. అది చివరిసారి అందుకున్నది 2016లో. మన మాస్టర్సేమో ఏడాది! అపాయింట్‌మెంట్ వచ్చేసరికి కోర్సు అయిపోయి, ఉద్యోగం కోసం ఇంకో ఊళ్లో ఉంటాం. అందుకేనేమో మనవాళ్ల సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన యాంటీబయాటిక్ స్ట్రిప్పులు. నాకైతే ఆ అలవాటు నచ్చదు.

కొత్తగా వచ్చేవాళ్లు జ్వరం వచ్చేదాకా ఆగకుండా దిగిన వారంలోనే జీపీ దగ్గర పేరు నమోదు చేసుకోండి. స్పెషలిస్టుకి రాసేటప్పుడు ఏ ఆస్పత్రి అన్నది చాలావరకు మనమే ఎంచుకోవచ్చు. ఇది ఎవరూ పిలిచి చెప్పరు, మనమే అడగాలి. పక్క ఊళ్లో క్యూ చిన్నదైతే రైలెక్కడమే. మందులకి విడిగా డబ్బులు కట్టాలి. ఆదాయం తక్కువైతే హెచ్‌సీ1 ఫారం నింపి పంపండి, మందుల ఖర్చులో మినహాయింపు దొరకొచ్చు.