బొగ్గు రైలు పక్కన ఏ బండి?

మంచిర్యాల స్టేషన్ బయటి రోడ్డును బల్ల మీద బొమ్మగా కడుతున్న ఒక తమ్ముడు "అన్నా, హాట్ వీల్స్ కార్లు పెట్టెయ్యనా?" అని అడిగిండు.

వద్దు తమ్మీ. నీ రైలు హెచ్‌ఓ, అంటే అసలు రైల్ల 87వ వంతు. ఆ కార్లు చాలావరకు 64వ వంతుకు దగ్గర. పైగా అన్నీ ఒకే ప్యాకెట్ల పట్టేటట్టు చేస్తరు కాబట్టి కారుకూ లారీకీ కొలత ఒక్కటి ఉండదు. డబ్బా మీది అంకెను నమ్మకుండ చేతిల స్కేలు పట్టుకో. 4.3 మీటర్ల అంబాసిడర్ 5 సెంటీమీటర్లు రావాలె. ఆటో 3. మనిషి సుమారు 2. కొంచెం చిన్నగున్న బండిని పారెయ్యకు, వెనక వరుసల పెడితే దూరంగ ఉన్నట్టు కనిపిస్తది.

కొలత కుదిరినా కాలం కుదరాలె. 1983 డిసెంబర్‌కు ముందటి సీన్ల మారుతి 800 ఉండొద్దు. 1990ల మంచిర్యాల అయితే నంబర్ ప్లేటు ఏపీ 01, కరీంనగర్ నుంచి వచ్చిన జీపుకు ఏపీ 15. టీఎస్ వచ్చింది 2014 జూన్‌ల. అంత చిన్న ప్లేటు ఎవరు చూస్తరంటవా? మనోళ్లు ముందు చూసేదే అది!

మన తీరు ఎడ్లబండి మాత్రం విదేశీ ప్యాకెట్లల్ల దొరకదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర తేలిక, మెత్తన, దాంతోనే చెక్కుకో. ఇగ బొగ్గు లారీని తళతళ మెరిసేటట్టు మాత్రం ఉంచకు, మసి పుయ్యి.

1990లల్ల మంచిర్యాల, పెద్దపల్లి స్టేషన్ల బయట దిగిన ఫొటోలు, వెనక బండ్లు కనిపించేవి, మీ ఆల్బంల ఉంటే కింద పెట్టుండ్రి.